పాలబండి మీద మాట

సంతాపసభకి ఇంకా గంట టైముందమ్మా, అందాకా ఇక్కడ కూర్చో, ఇక్కడైతే చల్లగా ఉంటుంది అని చెప్పి, ఆమెని పాలు పరీక్ష చేసే గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు. చల్లగానే ఉంది. గోడ పొడవునా రాతి బల్ల, దాని మీద బోర్లించిన గాజు గొట్టాలు, మూల తొట్టిలో చుక్కచుక్కగా కారే కుళాయి, అప్పుడే కడిగిన తడి నేల. ఇన్నేళ్ళుగా బూత్‌లో కంపెనీ పాలు అమ్ముతోంది గానీ కంపెనీ లోపలికి రావడం ఆమెకి ఇదే మొదటిసారి. కూర్చోగానే ఒక వాసన వచ్చి మీద పడింది. పాలవాసన కాదు, పాలగిన్నెలు కడిగేశాక మిగిలే వాసన, సబ్బూ ఇనుమూ కాస్త పులుపూ కలిసిన వాసన, వాళ్ళాయన చొక్కా వాసన. ఎంత ఉతికినా పోదని ఆ చొక్కాలని ఎన్ని తిట్లు తిట్టింది, బండి తోలేవాడికి పాలవాసనేంటి, ట్రేలు మీరే మోస్తారా ఏమిటి అని. మొయ్యక, దించేవాడు రాకపోతే పాలు వాటంతటవే నడిచొస్తాయా నీ బూత్‌లోకి అనేవాడు ఆయన. ఆ వాసన పుట్టిల్లు ఈ గది అన్నమాట. మనిషి పోయాడు, వాసన మాత్రం ఇక్కడ హాయిగా డ్యూటీ చేసుకుంటోంది. ఆమెకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

పక్కన ట్రేలు కడిగే షెడ్డులో కుర్చీలు లాగుతున్నారు. ఎవరో మైకులో హలో, హలో అంటున్నారు. ఇందాక కంపెనీ రాతల మనిషి వచ్చి వెళ్ళాడు. పాల పాకెట్ల మీద, గోడల మీద, పేపర్లలో కంపెనీ ఏమనాలో రాసిపెట్టడమే అతని ఉద్యోగం. ఆయన అతనికి మాటల మాస్టారని పేరు పెట్టాడు. మంచివాడే పాపం, ఆమె మొహంలోకి చూడలేక గాజు గొట్టాలకేసి చూస్తూ చెప్పాడు.

“పెద్ద ఉపన్యాసం ఏం అక్కర్లేదమ్మా. రెండే ముక్కలు. మా ఆయన ఈ మాట కోసమే ప్రాణం ఇచ్చాడు, దీన్ని చెరపకండి అనండి చాలు. డ్రైవర్లు ఇది చెరిపితే గానీ రేపట్నించి బండ్లు తియ్యం అంటున్నారు. మేం చెబితే వినట్లేదు, మీరు చెబితే వింటారు.”

ఆమె తల ఊపింది. అది సరేనన్నట్టో, విన్నానన్నట్టో అతనికి తెలియలేదు, ఆమెకీ తెలియలేదు. అతను మాత్రం సరే అనే అర్థం చేసుకుని, ఊపిరి పీల్చుకుని వెళ్ళాడు. ప్రాణం ఇచ్చాడట. ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు? బండి మీద రాసిన ఆ మాటంటేనే ఆయనకి గిట్టదని ఇతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పేవాళ్ళు మాత్రం ఎవరున్నారు, ఆయన ఆ సంగతి చెప్పుకున్నది ఇంట్లో, అన్నం ముందు, ఆమెతోనే.

వచ్చినవాళ్ళూ మనవాళ్ళే. అదీ ఆ మాట. నీలం బండికి రెండు పక్కలా తెల్లటి అక్షరాలు, ఒక్కొక్కటీ మనిషి చేయంత పొడుగు. అవతల దేశంలో బతుకు చెడి ఏరు దాటి వచ్చి, ఏటి ఒడ్డునే పేట కట్టుకున్నవాళ్ళని వెనక్కి పంపెయ్యాలని ప్రభుత్వం చట్టం తెస్తానంది, జనం చేత ఓట్లు వేయిస్తానంది, దాంతో ఊరు రెండు ముక్కలైంది. ఒక ముక్క పంపెయ్యాలంటుంది, ఒక ముక్క ఉంచాలంటుంది, పెళ్ళివిందుల్లో కూడా ఎవరి బల్ల దగ్గర వాళ్ళే కూర్చుంటున్నారు. కంపెనీ పెట్టిన పెద్దాయన బతికుంటే ఏ పక్కకీ తిరిగేవాడు కాదు, పాలు ఎవరి పొయ్యి మీద పొంగితే మనకేంటిరా అనేవాడట. ఆ పెద్దాయన పోయాక కూతురు పగ్గాలు పట్టింది. అమ్మగారంటారు అందరూ, వయసు మాత్రం ఈమె కంటే పెద్ద ఎక్కువేం కాదు. ఒకరోజు షెడ్డులో అందర్నీ నిలబెట్టి, పక్కింట్లో మనుషుల్ని గెంటేస్తుంటే మనం పాలు కాచుకుంటూ కూర్చోలేం, ఊరుకోవడం కూడా ఒక పక్షం తీసుకోవడమే, బండ్లన్నిటి మీదా ఈ మాట రాయిద్దాం అందట అమ్మగారు. అందరూ చప్పట్లు కొట్టారట. మీరూ కొట్టారా అని అడిగింది ఈమె. కొట్టానే, జీతమిచ్చే చెయ్యి ఎదురుగా ఉంటే చప్పట్లు కొట్టనివాడెవడు, అన్నాడు ఆయన. కంచంలోకి చూస్తూ అన్నాడు, నవ్వలేదు.

ఆ రోజు మొదలైంది. అంతకుముందు వాళ్ళు వాదించుకోలేదని కాదు, అసలు వాళ్ళ పెళ్ళే ఒక వాదనతో మొదలైంది, పాకెట్లు కారుతున్నాయని ఈమె, నువ్వు గట్టిగా పట్టుకుంటున్నావని ఆయన, తెల్లారకుండానే బూత్ ముందు ఆ గొడవ, చివరికి కారే పాకెట్లన్నీ విడిగా పెట్టి నీ జీతంలో కోయించుకో అంటే, నువ్వు నన్ను చేసుకుంటే ఇద్దరి జీతాల్లోనూ కోయించుకోవచ్చు కదా అన్నాడు, ట్రే భుజం మీద పెట్టుకునే, దింపకుండానే. అలా అడిగేవాణ్ణి ఏమంటాం? వాదించకపోతే వాళ్ళిద్దరికీ తిన్నది అరిగేది కాదు. అత్తగారు మధ్యలో కూర్చుని, ఒరే ఇద్దరూ ఒకటే మాట చెబుతున్నారు, వేరే వేరే గొంతుల్తో చెబుతున్నారు అనేది. అయితే ఈసారి మాత్రం ఒకటే మాట కాదు. ఆయన తమ్ముడు రైల్వే గోదాంలో మూటలు మోసేవాడు, పేటవాళ్ళు సగం కూలికే వస్తున్నారని కాంట్రాక్టరు మరిదిని మానిపించాడు. అతను పంపెయ్యాలనేవాళ్ళ జెండా పట్టుకున్నాడు. ఆయన జెండా పట్టుకోలేదు గానీ ఓటు మాత్రం తమ్ముడి వైపే అన్నాడు. సగం కూలి తీసుకున్నది వాళ్ళ తప్పా, ఇచ్చిన కాంట్రాక్టరు తప్పా అంది ఈమె. కాంట్రాక్టర్ని పంపించే చట్టం ఏదీ తేవట్లేదుగా, అదొస్తే దానికీ వేస్తా అన్నాడు. అక్కడ ఈమెకి నవ్వొచ్చింది, నవ్వు దాచుకుంది.

ఈమెకి ఆ మాట నచ్చింది, ఏం దాచాలి, చాలా నచ్చింది. ఈమె బూత్ ఉన్నది పేట మొదట్లోనే. వాళ్ళెవరో లెక్కల్లో కాదు, మొహాల్లో తెలుసు. అర పాకెట్టు దొరుకుతుందా అని రోజూ అడిగి, దొరకదని తెలిసీ అడిగి, చివరికి ఇంకో ఇంటావిడతో కలిసి ఒకటి కొనుక్కునే ముసలమ్మ తెలుసు; పాకెట్టు రెండు చేతుల్తో పట్టుకుంటుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఆయన బండి మొదటిసారి ఆ అక్షరాలతో వచ్చి బూత్ ముందు ఆగినప్పుడు ఆ ముసలమ్మ చదవలేక, ఏం రాశారు అని అడిగింది. ఈమె చదివి వినిపించింది. ముసలమ్మ వెళ్ళి బండి పక్కన నిలబడి తడి ఆరని రంగు మీద వేలు పెట్టి చూసింది, వేలికి తెల్లగా అంటుకుంటే చూసుకుని ఇంటికి పోయింది. చూశారా అంది ఈమె గర్వంగా ఆయనతో. చూశాను, రంగు ఆరకుండానే బండి బయటికి పంపారు, అదే చూశాను అన్నాడు.

తలుపు తెరుచుకుంది. అమ్మగారు. తెల్ల చీర, మొహం ఉబ్బి ఉంది, కుర్చీ వద్దని ఎత్తు స్టూలు మీదే ఎక్కి కూర్చుంది, కాళ్ళు నేలకి అందక వేలాడుతున్నాయి.

“నేను రాయించకపోతే ఆయన ఉండేవాడు కదా,” అంది అమ్మగారు.

అవునా, కాదా? ఏది అన్నా అబద్ధమే.

“అలాగని చెరిపేస్తే, వాళ్ళు కొట్టి చెరిపించినట్టే కదా. నిద్ర పట్టట్లేదు. నువ్వు ఇలా చెప్పాలని నేను చెప్పించలేదు, మనవాళ్ళే అన్నారు. నీకేమనిపిస్తే అదే చెప్పు.”

చేతిలో చెయ్యి వేసి నొక్కి వెళ్ళిపోయింది. మెత్తటి చెయ్యి, చెమట పట్టి ఉంది. ఈవిడ చెడ్డదైతే ఎంత బాగుండేది. పేరు కోసం రాయించింది, పాలు ఎక్కువ అమ్ముడుపోవాలని రాయించింది అనుకోడానికి వీలుంటే తిట్టుకోడానికి ఒక మనిషి మిగిలేది. అమ్ముడుపోవడం మాట దేవుడెరుగు, ఊళ్ళోనే వంతెన అవతల, పంపెయ్యాలనేవాళ్ళు ఎక్కువున్న వైపు, సగం బూత్‌లు ఈ పాలు వద్దన్నాయి. అయినా ఈవిడ నిలబడింది. నిలబడింది నిజమే, ఆఫీసులో నిలబడింది, బండి ఎక్కి వంతెన దాటింది ఈవిడ కాదు. ఈ ముక్క ఆయన అన్నదే, ఆయన అంటే ఈమె కస్సుమనేది, ఇప్పుడు తన లోపల తన గొంతుతోనే ఆ ముక్క వినిపిస్తుంటే ఉలిక్కిపడింది.

గోనెసంచుల సంగతి అమ్మగారికి తెలుసా? తెలిసి ఉండదు. వేసవిలో ట్రేల మీద తడిపి కప్పే గోనెలు ఉంటాయి, ప్రతి బండిలోనూ ఉంటాయి. వంతెన అవతల మొదటి రాయి పడ్డప్పట్నించీ డ్రైవర్లు ఒక పద్ధతి కనిపెట్టారు. వంతెన ఈవల బండి ఆపి, గోనెలు విప్పి అక్షరాల మీదుగా వేలాడదీసి, పైన తాడు కట్టి, అవతల పాలు దించి వచ్చేటప్పుడు మళ్ళీ ఈవల ఆపి గోనెలు తీసేసేవాళ్ళు. పేటలో మాట కనబడాలి, అవతల మాట కనబడకూడదు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అందరూ అదే చేశారు. అడకత్తెరలో పోకచెక్కలు, ఏం చేస్తారు మరి. ఒక్క ఆయన మాత్రం కట్టలేదు. ఈమె బతిమాలింది. అవును, ఈమే, ఆ మాటంటే పడిచచ్చే ఈమే, ఆయన భోజనం డబ్బాతో పాటు ఉతికిన గోనె మడతపెట్టి ఇచ్చింది, మీకు పుణ్యముంటుంది, కట్టండి, మీకెలాగూ నచ్చదు కదా, కప్పేస్తే మీకేం నష్టం అని. నచ్చని మాటని దాచిపెట్టడానికి కూడా నేనేనా అన్నాడు ఆయన. దొంగసరుకు మోస్తున్నానా గోనె కప్పుకుని తిరగడానికి? రాస్తే కనబడాలి, కనబడకూడదనుకుంటే రాయకూడదు. రాయొద్దని నేనన్నాను, నా మాట ఎవరూ అడగలేదు, రాశారు, ఇంక అది బండి మీద ఉంది, ఉన్నది ఉన్నట్టే పోతుంది. ఈ మొండితనాన్ని ఏం చేసుకోవాలి? నమ్మినదానికోసం మొండికేసేవాళ్ళని చూసింది గానీ, నమ్మనిదానికోసం మొండికేసే మనిషిని ఈయన్నే చూసింది.

వంతెన అవతల ఏం జరిగిందో బండిలో ఉన్న ముసలి క్లీనరు చెప్పాడు. ఆసుపత్రి వరండాలో, గోడకి తల ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పాడు. మనుషులు అడ్డం నిలబడ్డారు, ఎక్కువమంది కాదు, మిగతా డ్రైవర్లయితే అద్దాలు ఎత్తి హారన్ మోగించి తోసుకుపోయేవాళ్ళు. ఈయన బండి ఆపాడు. వద్దు బాబూ అని క్లీనరు అంటూనే ఉన్నాడు. ఊరుకో తాతా, వీళ్ళు మనవాళ్ళే, నాకు సగంమంది తెలుసు, మా తమ్ముడితో తిరిగేవాళ్ళు అని తలుపు తీసుకుని దిగాడు. దిగి, నేనూ మీ పక్కేరా, నా ఓటు కూడా మీకే అన్నాడట. వాళ్ళు నవ్వారట. మరి బండి మీద ఈ రాతేంట్రా అన్నాడట ఒకడు. అది నాది కాదు, కంపెనీది అన్నాడట ఈయన. కంపెనీ ఎక్కడుందో చూపించు, దాన్నే కొడతాం అన్నాడట ఇంకొకడు. కంపెనీని ఎక్కడని చూపిస్తాడు? అత్త మీద కోపం దుత్త మీద చూపించారు. తల వెనక ఇనపకడ్డీతో ఒక దెబ్బ, అంతే. కింద పడుతూ కూడా పాలు, పాలు అన్నాడని క్లీనరు చెప్పాడు. పాలు ఎండలో ఉన్నాయని. అక్కడ ఈమె చెవులు మూసుకుంది. ఇప్పుడు కూడా మూసుకుంది, ఈ గదిలో, ఎవరూ చెప్పకుండానే వినిపిస్తుంటే.

తర్వాత ఇంటికి వచ్చినవాళ్ళని చూడాలి. ఆయన పక్క అనుకున్నవాళ్ళు ఒక్కరూ రాలేదు, ఆ బండి తోలినవాడింటికి ఎలా వస్తామన్నారట. మరిది వచ్చాడు, గుమ్మంలో కూలబడి ఏడ్చాడు, ఏడ్చి, జెండా తీసి పొయ్యిలో పెట్టాడు, కంపెనీ సభకి మాత్రం రానన్నాడు, వాళ్ళ మాట కింద మా అన్న బొమ్మ పెడితే చూడలేను వదినా అన్నాడు. కంపెనీవాళ్ళందరూ వచ్చారు. పేట మొత్తం వచ్చింది. లోపలికి రావడానికి మొహమాటపడి, గోడవార వరసగా నిలబడ్డారు. అర పాకెట్టు ముసలమ్మ ఈమె రెండు చేతులూ పట్టుకుని, మా కోసం పోయాడు తల్లీ, మా కోసం పోయాడు అంది. ఈమె ఆ చేతుల్లో తలపెట్టి ఏడ్చింది. కాదవ్వా, నిన్ను పంపించెయ్యాలనే అనేవాడు అని ఎలా చెబుతుంది? అన్నాడు కూడా, అదే నోటితో, కారిన పాకెట్లు తీసుకెళ్ళి ఆ ముసలమ్మకివ్వు, మళ్ళీ అర పాకెట్టని ప్రాణం తీస్తుంది అనీ అన్నాడు. మనిషి ఒక్క ముక్కలో ఎక్కడ సరిపోతాడు? అక్షరాలు ఎంత పెద్దవి రాసినా సరిపోడు. అటు వాళ్ళకి శత్రువు, ఇటు వీళ్ళకి వీరుడు, నిజానికి రెండూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి అయిపోయాడు మహానుభావుడు, చచ్చి కూడా.

ఇప్పుడు తను మైకు దగ్గరికి వెళ్ళి ఆ రెండు ముక్కలూ అంటే సరిపోతుంది. అబద్ధమేం కాదు తన వరకు, తనకి నచ్చిన మాటే, తను గెలవాలనుకున్న మాటే. డ్రైవర్లు సిగ్గుపడి బండ్లు తీస్తారు. మాట నిలబడుతుంది. ముసలమ్మకి ధైర్యంగా ఉంటుంది. ఇన్నాళ్ళ వాదన తను గెలిచినట్టవుతుంది. ఎదుటివాడు లేడు కాబట్టి గెలిచినట్టవుతుంది. ఎంత వాదించినా ఆయన నోరు ఆమె ఎప్పుడూ ముయ్యలేకపోయింది, ఇప్పుడు మూసినవాళ్ళు మూశారు, మూసిన నోట్లో తన మాట పెట్టాలా? పెళ్ళాం అయ్యుండి, తనే పెట్టాలా? ఇన్నేళ్ళు ఆయన ఏం అనుకున్నాడో చెప్పడానికి తను తప్ప ఇంకొకరు లేరు, మరి తను కూడా చెప్పకపోతే ఆయన ఏం అనుకోనట్టే. అది రెండోసారి చంపడం.

“రండమ్మా,” అన్నాడు మాటల మాస్టారు తలుపు దగ్గర.

షెడ్డు నిండా జనం. ముందు వరసలో అమ్మగారు, ఆ వెనక పేటవాళ్ళు, చివర గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్న డ్రైవర్లు. మైకు పొట్టిమనిషి కోసం పెట్టినట్టుంది, ఆమె వంగాల్సి వచ్చింది.

“మా ఆయనకి ఈ మాట ఇష్టం లేదండి,” అంది.

మైకుని ఇంకాస్త తన వైపు వంచుకుంది.

“ప్రాణం ఇచ్చాడంటున్నారు. ఇవ్వలేదు, లాక్కున్నారు. నాకు ఈ మాట ఇష్టం, ఇప్పటికీ ఇష్టమే. కానీ నా మాట రేపైనా చెప్పుకుంటాను, నాకు నోరుంది. ఇవాళ ఆయన మాట చెబుతాను. అమ్మగారికి అంత నమ్మకం ఉంటే గేటు మీద రాయించుకోమనేవారు, వాళ్ళింటి గోడ మీద రాయించుకోమనేవారు. గోడ కదలదు, బండి కదులుతుంది, బండిలో మనిషుంటాడు అనేవారు. కంపెనీకి నోరెక్కడుందే, అది మన నోటితోనే మాట్లాడుతుంది, మరి నన్నడగాలా వద్దా అనేవారు. నా పని కొన్నారు, నా ఓటు కొనలేదు అనేవారు. మంచి మాటే కావచ్చు, మంచి మాటైనా నా చేత అనిపిస్తే అది నాది కాదు అనేవారు. అన్నీ అని, మళ్ళీ గోనె కట్టమంటే కట్టలేదు. మీ మాట మీరు ఉంచుకుంటారో చెరుపుకుంటారో మీ ఇష్టం. మా ఆయన్ని మాత్రం దాని కింద పెట్టకండి. ఆయన అక్కడ లేరు.”

అమ్మగారు తల వంచుకుంది. చివర గోడ దగ్గర ఒక డ్రైవరు చేతులు విప్పి మొహం తుడుచుకున్నాడు. ముసలమ్మ ఒళ్ళో పూలు ఉన్నాయి, వాటిని ఏం చేయాలో తెలియనట్టు చూస్తూ ఉంది, ఆ చూపు ఈమె గుండెలో దిగబడింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అంతమందిలోనూ ఆయన గెలిచాడు, మొదటిసారి, అడ్డుపడేవాళ్ళు లేకుండా, మొత్తం చెప్పుకుని గెలిచాడు.

వచ్చి కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే తట్టింది, ఆయన వాదనకి జవాబు. ఇన్నాళ్ళూ వెతికితే దొరకని జవాబు, ఎక్కణ్ణించి వచ్చిందో, అంత తేలిగ్గా. సరేనండీ, బండి మీద ఏ రాతా లేదనుకోండి. వంతెన అవతల వాళ్ళు మీ బండిని కాదు, ఆ ముసలమ్మని ఆపి చుట్టూ మూగారనుకోండి. మిమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు, దారి ఇచ్చారు కూడా. అప్పుడు మీరు బండి పోనిచ్చేవారా, దిగేవారా? దిగేవాడు. తిట్టుకుంటూ, ఈ ముసల్దానికి ఇక్కడేం పనంటూ, తలుపు తీసుకుని దిగేవాడు. అంటే ఎవరూ రాయకపోయినా ఆ మాట మీలో ఉందన్నమాటే కదండీ! దీనికి ఆయన దగ్గర తిరుగు లేదు. మెడ గోక్కుని, కాసేపు అటూ ఇటూ చూసి, సర్లే, నీళ్ళివ్వు ముందు అనేవాడు. ఆమెకి నవ్వొచ్చినంత పనైంది. ఇది ఇప్పుడే చెప్పాలి, మర్చిపోకముందే చెప్పాలి, మొహం ఎలా పెడతాడో చూడాలి అని నోరు తెరిచి పక్కకి తిరిగింది.

పక్క కుర్చీలో కంపెనీ రాతల మనిషి ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నీళ్ళు కావాలా అమ్మా?” అన్నాడు.